గడ్డి యంత్రం బేరం

భిలాయి ఇనుముతో బ్రతికే ఊరు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మూలంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని తొలి బ్లాస్ట్ ఫర్నెస్‌ను ప్రారంభించారు. ఆ కొలిమి వెలుగును నమ్ముకొని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. అట్టి కుటుంబంలో పుట్టి, తండ్రి చేసిన కర్మాగారంలోనే ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దమనిషికి, ధమధా వెళ్ళే దారిలో ఐదెకరాల వరిపొలమూ ఆరు ఆవులూ ఉన్నాయి. పాలు భిలాయిలోని సెక్టార్ల ఇళ్ళకు పోస్తారు. ఆ ఇంటి చీకూచింతా అంతా గడ్డి గురించే.

ఛత్తీస్‌గఢ్‌లో వరిగడ్డిని 'పైరా' అంటారు. వరి ఇంతగా పండే సీమలో గడ్డికి కరువేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కోత కోసి, పనలు కట్టి, కల్లంలో నూర్చిన రోజులలో గడ్డి పొడవుగా, పోగుగా చేతికి వచ్చేది. దానిని కుప్ప వేయడం ఒక విద్య. ఇప్పుడు కార్తీకం దాటేసరికి పొలాలలోకి హార్వెస్టర్లు దిగుతాయి. ధాన్యం గంటలో బండికెక్కుతుంది. గడ్డి మాత్రం నలిగి, విరిగి, వరుసలుగా మడిలోనే పడిపోతుంది. దానిని ఏరి మోపులు కట్టే కూలీలు దొరకరు. దొరికినా కూలి గడ్డి వెలను మించుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే ఊరి పశువులు తొక్కిపోతాయి, లేదా ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. కిందటి వేసవిలో ఆ ఇంటివారు గడ్డి కొనలేక రెండు ఆవులను అమ్ముకున్నారు. ఎనిమిది ఉండవలసిన చోట ఆరు మిగిలినది అందుకే.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఆవుకు రోజుకు ఐదు కిలోల ఎండుగడ్డి చొప్పున ఆరింటికి ఏడాదికి దాదాపు 11 టన్నులు కావాలి. ఎకరానికి రెండు టన్నుల వంతున ఐదెకరాలు ఇచ్చేది 10 టన్నులు. అంటే ఉన్న గడ్డి అంతా ఇల్లు చేరితే ఇంచుమించు సరిపోతుంది. చేర్చేందుకు మార్గం బేలర్. ట్రాక్టరు వెనుక సాగుతూ, పడివున్న గడ్డిని వేళ్ళతో ఎత్తుకొని, చుట్టగా చుట్టి, పురికొస బిగించి వెనుకకు విడిచిపెట్టే యంత్రమది. చిన్నరకం కట్టే చుట్ట సుమారు 20 కిలోలు ఉంటుంది. గంటకు నలభై, యాభై చుట్టలు వస్తాయి.

అంటే ఐదెకరాల గడ్డికి కావలసినది ఐదువందల చుట్టలు. పది పన్నెండు గంటల పని. దాని కోసం మూడు లక్షలు దాటే కొత్త యంత్రం కొనడం ఏ తెలివైనవాడూ చేయడు. ఏడాదిలో రెండు రోజులు పనిచేసి, మిగిలిన రోజులన్నీ తుప్పుపట్టే వస్తువది. ఇల్లాలు ఈ మాటనే మరొక తీరుగా అన్నది: "ఏమండీ, గడ్డి కోసం ఇనుము కొంటున్నారా, ఇనుము కోసం గడ్డి పండిస్తారా?" ఆమె ప్రశ్నకు దొరికిన జవాబు రెండు భాగాలు: యంత్రం పాతదై ఉండాలి, ఇరుగుపొరుగు పొలాలలో అద్దెకు తిరగాలి. అమ్మాయి పెళ్ళి తరువాత మిగిలిన సొమ్ములో ఎంతవరకు పోవచ్చునో కూడా ఆమెయే నిర్ణయించింది. ఇంటి లెక్కల పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది.

బేరానికి ఆయన శ్రావణమాసాన్ని ఎంచుకున్నారు. కోతలు దగ్గర పడితే పాత యంత్రం ఎవరూ అమ్మరు, అమ్మినా ధర దించరు. ఏ రకం కొనాలన్నది ముందే తేల్చుకున్నారు. పలకల వంటి మోపులు కట్టే యంత్రంలో ముడి వేసే పరికరం ఉంటుంది. అమెరికాలో జాన్ ఆపిల్‌బీ 1878 ప్రాంతంలో కోత యంత్రాల కోసం రూపొందించిన ముడికి అది వారసత్వం. చూడ ముచ్చటైనదే కాని, వెంట్రుకవాసి తేడా వచ్చినా ముడి పడదు. చుట్ట కట్టే యంత్రంలో ముడే లేదు. పురికొసను పలుమార్లు చుట్టి తెంపివేస్తుంది. నెబ్రాస్కాకు చెందిన ఉమ్మో లూబెన్ 1910లో పేటెంటు పొందిన ఊహ అది. 1947లో గాని అది పెద్దయెత్తున బజారుకు రాలేదు. పాతది కొనేవారికి తక్కువ భాగాలున్న యంత్రమే మేలు.

మొదట కురూద్ వైపు ఒక బేలర్ చూశారు. ఎర్రరంగు మిసమిసలాడుతున్నది. ఫిట్టరు అలవాటు చొప్పున ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పక్కరేకు వెంట జరుపుతూ పోయారు. ఒకచోట అది పట్టు విడిచి జారిపడింది. రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. పగులును పూడ్చి రంగు వేశారు. అంతకంటె ఆయనను కలవరపెట్టినది మరొకటి. ట్రాక్టరు నుండి బేలరుకు శక్తిని అందించే తిరుగుడు కడ్డీపై ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు లేదు. "దానితో పని లేదు కాకా, గడ్డి ఇరుక్కుంటే చేత్తో లాగేస్తాం" అన్నాడు అమ్మకందారు. ఆ కడ్డీ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. పంచె కొంగు తగిలితే మనిషి కేక వేసేలోగా అంతా అయిపోతుంది. కరెంటు ఆపి, ఆపినట్టు పత్రం చేతికి వస్తే తప్ప యంత్రంపై చేయి వేయని కర్మాగారంలో బ్రతుకంతా గడిపిన మనిషి, ధర అడగకుండానే వెనుదిరిగారు.

రెండవది బెమెతరాలో కనబడింది. ఎండకు రంగు వెలిసి, చూపుకు దిక్కులేనట్టు ఉన్నది. కాని పాకగోడపై ఏ తేదీన గ్రీజు పెట్టినదీ సుద్దముక్కతో రాసి ఉన్నది. పాత వస్తువును కొనేవాడు నిజానికి దాని వెనుకటి యజమాని అలవాట్లను కొంటాడు. ఆ గోడను చూశాక ఆయన మనసు సగం కుదిరింది. తక్కిన సగం కోసం గంటన్నర పట్టింది. ఒక్కొక్క రోలరును చేత్తో తిప్పి, చెవి ఆనించి విన్నారు. రెండింటిలో గరగర వినవచ్చింది. గడ్డిని ఎత్తే వేళ్ళు నాలుగు విరిగాయి. గేరుపెట్టె కింద నూనె మరక లేదు. కడ్డీ తొడుగు చెక్కుచెదరలేదు. చివరకు కుప్పలోని పాతగడ్డిని నేలపై వరుసగా పరచి, ట్రాక్టరు తగిలించి నడిపించమన్నారు. మొదటి చుట్ట చక్కగా వచ్చింది. రెండవదానికి పురికొస తెగలేదు, కత్తి మొద్దుబారింది.

ఇక్కడే భిలాయివాసికి ఒక వాటం ఉన్నది. ఏ భాగం తమ ఊళ్ళో దొరుకుతుంది, ఏది దూరం నుండి తెప్పించాలి అన్న విభజన ఆయనకు కరతలామలకం. కత్తికి సాన, వేళ్ళకు కొత్త కమ్మీ, రేకుకు వెల్డింగు, ఇవన్నీ హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఏ షెడ్డులోనైనా జరుగుతాయి. బేరింగు ఏ దేశపు యంత్రంలో ఉన్నా దాని అంకె ఒకటే. 6206 అని ఉంటే చివరి రెండంకెలను ఐదుతో హెచ్చించండి: లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు. ఆ అంకె చెబితే దుకాణంలో ఇస్తారు. తయారీదారు మాత్రమే ఇవ్వగల గేరు పళ్ళు, గొలుసు చక్రాలు బాగున్నాయా అన్నదొక్కటే అసలు ప్రశ్న. అవి బాగున్నాయి.

కాగితాలు చూడడం మరువలేదు. అసలు రశీదు, బ్యాంకు అప్పు తీరినట్టు పత్రం అడిగి తీసుకున్నారు. సబ్సిడీతో కొన్న యంత్రమైతే కొంతకాలం అమ్మరాదనే షరతు ఉండవచ్చు. అందుకని ఆ సంగతీ విచారించారు. లక్షా అరవై వేలు చెప్పిన యంత్రం, బేరింగులు, వేళ్ళు, కత్తి ఖర్చు లెక్కకట్టి చూపగా లక్షా ముప్ఫైయైదుకు దిగింది. ఇల్లాలు గీసిన గీతకు అది ఐదువేలు లోపల ఉన్నది.

నవంబరులో పని మొదలైంది. మంచు ఆరక ముందు కట్టిన చుట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది గనుక ఉదయం పదింటికి గాని ట్రాక్టరు కదలలేదు. సొంత పొలం మూడు మధ్యాహ్నాలలో పూర్తయింది. చుట్టలు నాలుగువందల డెబ్బై లెక్కకు వచ్చాయి. తరువాత పొరుగువారి పదకొండు ఎకరాలు కట్టారు. చుట్టకింత అని కూలి, ఆమె పుస్తకంలో జమ. ఊళ్ళో తక్కిన మడులలోకి యంత్రం దిగనే లేదు. అక్కడి రైతులు కోతకు ముందే తడినేలలో తీవ్రా పప్పు గింజలు చల్లారు. ఈ ప్రాంతంలో దీనిని 'ఉతేరా' అంటారు. మొలకలెత్తిన ఆ నేలమీద చక్రం తిరగకూడదు. ఆ మడులలో వరిని కొడవళ్ళతోనే కోశారు. గడ్డి పొడవుగా, పోగుగా, వెనుకటివలెనే వచ్చింది. దానిలో నాలుగు బండ్లు ఆయనే కొన్నారు.