ట్రాలీ వెనక లైటు వెలుగుతుందా? ఒకసారి దిగి చూడండి

కోతలు మొదలయ్యాయి, రాత్రిపూట ట్రాలీలు రోడ్డెక్కే రోజులు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మొన్నటిదాకా నా ట్రాక్టరుకి, ట్రాలీకి మధ్య కరెంటు అంటే రెండు వైర్లు మెలేసి, నల్ల టేపు చుట్టడమే. పోయినేడాది ధాన్యం దించి వస్తుంటే కాలవ వంతెన దగ్గర మలుపులో వైరు లాక్కుపోయి ఊడింది. నాకు తెలియలేదు. ముందు లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి మరి! వెనక ఏముందో తోలేవాడికి కనపడదు కదండీ.

మా తమ్ముడి కొడుకే బండి మీద వచ్చి ట్రాలీ మూలకి కొట్టుకున్నాడు. కాలు విరిగింది, రాడ్డు వేశారు. ఆసుపత్రిలో వాడు అన్నది ఒకటే మాట: "పెదనాన్నా, నాకు అసలు ట్రాలీ కనపడలేదు." నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ వాడు గట్టు ఎక్కేటప్పుడు కాలు కొంచెం ఈడుస్తాడు. నేను అటు చూడలేను.

తర్వాత షాపుకెళ్తే రకరకాలు చూపించారు. చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు చవకే గానీ, దుమ్ము, బురద పడితే వారం ఆగవు. నేను ఏడు పిన్నుల సాకెట్టు, ప్లగ్గు తీసుకున్నాను. చాలా ట్రాక్టర్లకి వెనకాల ఆ గుండ్రటి సాకెట్టు ఉండనే ఉంటుంది, మనమే వాడం. మూత స్ప్రింగు గట్టిగా ఉందో లేదో, పిన్నులు ఇత్తడివో కావో చూసి కొనండి. కింద పడేసి తొక్కడం మనకి మామూలే కాబట్టి నేను మెటల్‌ది తీసుకున్నాను. లారీలది ఇవ్వబోతే వద్దనండి. అది 24 వోల్టులది, మనది 12.

లోపల పిన్నుల పక్కన నంబర్లు ఉంటాయి. 1 ఎడమ ఇండికేటరు, 4 కుడి ఇండికేటరు, 3 ఎర్తు, 5 కుడి వెనక లైటు, 7 ఎడమ వెనక లైటు, 6 బ్రేకు లైటు. 2 అదనపు లైటుకి, మనకి ఖాళీగా ఉన్నా పర్లేదు. వైరు రంగుని నమ్మొద్దు. ముందు ఎవరు ఏ రంగు ఎక్కడ కలిపారో ఎవరికి తెలుసు? రెండు వైపులా నంబరు చూసే కలపండి.

అందరం చేసే తప్పు ఎర్తు దగ్గర. "ఇనుమే కదా, హుక్కు పిన్ను ద్వారా వస్తుందిలే" అనుకుంటాం. అక్కడ తుప్పు, గ్రీజు. ఇండికేటరు వేస్తే వెనక లైటు కూడా మిణుకుమంటుంటే ఎర్తు సరిగా లేదనే అనుమానించండి. లెక్క చూడండి: బ్రేకు బల్బు ఒక్కోటి 21 వాట్లు, వెనక లైటు 5 వాట్లు. బ్రేకు రెండు, వెనకవి రెండు, ఒక ఇండికేటరు కలిసి వెలిగితే 73 వాట్లు, అంటే ఆరు ఆంపియర్లు. అదంతా తిరిగొచ్చేది ఒక్క ఎర్తు వైరులోనే. అందుకే నేను మిగతావి 1.5, ఎర్తు 2.5 స్క్వేరు ఎం.ఎం. వేయించాను. మధ్యలో ఫ్యూజు కూడా పెట్టించాను.

కేబులు మరీ బిగువుగా ఉంటే మలుపులో తెగుతుంది, మరీ వదులైతే నేలకి రాసుకుంటుంది. ట్రాక్టరుని పూర్తిగా ఎడమకి, కుడికి తిప్పి చూసి కొలత తీసుకోండి. పీటీవో షాఫ్టుకి దూరంగా కట్టండి. ట్రాలీ విప్పేటప్పుడు ముందు ప్లగ్గు, తర్వాతే హుక్కు పిన్ను. యూరియా మోసినా, వానకి తడిసినా తుడిచి పిన్నులకి కాస్త వాజిలిన్ రాయండి.

ఇంకో మాట. వరిగడ్డి వేస్తే లైట్లు గడ్డి కిందే ఉండిపోతాయి. ఎంత మంచి కనెక్టరైనా అప్పుడు దండగే. ఒక చెక్కకి లైట్లు బిగించి, పొడుగు వైరుతో లోడు వెనక బయటికి వేలాడదీయండి. ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కర్లు కూడా అంటించండి. ట్రాలీ పంక్చరై రోడ్డు మీద ఆగి, ఇంజను ఆపేసినా అవి మెరుస్తాయి.

అన్నీ కలిపి నాకు ఒక డీఏపీ బస్తా ఖరీదు కూడా కాలేదు. ఆ డబ్బు నేను ఒక ఏడాది ముందు పెట్టి ఉంటే?

ఇప్పుడు రోజూ బయల్దేరే ముందు వాడినే పిలుస్తాను. నేను పైన కూర్చుని ఒక్కో స్విచ్చు వేస్తా, వాడు వెనక నిలబడి "ఎడమ వచ్చింది, కుడి వచ్చింది, బ్రేకు వచ్చింది పెదనాన్నా" అంటాడు. ఆ మాట వినందే గేరు వెయ్యను.

మీరు కూడా ఇవాళ సాయంత్రం ఒకసారి దిగి వెనక్కి వెళ్ళి చూడండి. వెలగకపోతే రేపటి పని అదే మొదటిది అనుకోండి. మీ ఊరి గ్రూపులో కూడా వేయండి. ఉంటాను.