సామాన్యుని బస

అతిథి యనగా తిథినియమము లేక వచ్చువాడని సంస్కృతమున నొక వ్యుత్పత్తి కలదు. ఆంగ్లములోని హాస్పిటలు, హాస్టలు, హోటలు అను మూడు మాటలును, అతిథిసత్కారమును దెలుపు నొక్క లాటిను మూలమునుండియే పుట్టినవి. రోగికి మంచము, విద్యార్థికి గది, బాటసారికి బస, ఈ మూటిని లోకము మొదట నొక్క ధర్మముగనే యెంచినదన్నమాట. కాలక్రమమున మొదటిది వైద్యమునకును, రెండవది విద్యకును, మూడవది వర్తకమునకును జేరిపోయినవి. ధనవంతుడు ఏ యూరికి బోయినను వానికి విడిది దొరకును. స్వల్పధనముతో వచ్చినవాడు గౌరవము చెడకుండ నొక రాత్రి నిద్రించుటకు దగిన చోటు మాత్రము మన యూళ్లలో నేటికి నరుదు.

మదనపల్లె క్రొత్తవారిని జూచుట కలవాటుపడిన యూరు. 1912లో స్థాపింపబడిన ఆరోగ్యవరపు క్షయవైద్యశాలకు దూరదేశములనుండి రోగులు వచ్చుచుండిరి. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడువరకు నా వ్యాధిని కుదుర్చు మందు లేదు. విశ్రాంతియు, నిర్మలమైన గాలియు, పుష్టినిచ్చు నాహారమునే ముఖ్యమైన చికిత్స. అనీబిసెంటమ్మ 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాకూరు అతిథిగా వచ్చి, జనగణమన గీతము నిచ్చటనే యాంగ్లములోనికి మార్చెను. నేడు టమోటా మార్కెట్టునకు పల్లెలనుండి రైతులును, పరరాష్ట్రములనుండి వర్తకులును వచ్చుచున్నారు. మహాకవికి విడిది దొరకుట వింత గాదు. రైతునకు, రోగికి దోడు వచ్చినవానికి, పరీక్ష వ్రాయవచ్చిన పిల్లకు దొరకుచున్నదా యనునదే ప్రశ్నము.

కొన్ని యేండ్ల క్రిందట పరీక్షాపత్రములు దిద్దు పనిమీద నా యూర పదిదినము లుండవలసి వచ్చినది. బస్సుల రొద వినబడనంత దూరమున, గృహస్థు లుండు నొక వీధిలో, పాత మిద్దె యింట నాకు బస దొరకినది. క్రింద నైదు గదులు. మీద పొడుగాటి వరండాలో ఎనిమిది మంచములు. యజమానురాలు అరువది దాటిన వితంతువు. బసచేసినవారందరు నామెను అవ్వా యనియే పిలుచుచుండిరి. ఆ యింటి నియమములు మూడే: రాత్రి పదిగంటల పిమ్మట బిగ్గరగా మాటాడరాదు, మద్యము తేరాదు, ఎవరి కంచము వారు కడుగుకొనవలెను. పట్టీలో పేరు, ఊరు, గుర్తింపు కార్డు సంఖ్య, ఉండదలచిన దినములు వ్రాసికొనెడిది. కులమడుగదు. నేరుగా నడుగక యింటిపేరు, చుట్టరికములు విచారించి కనిపెట్టు మన పెద్దల నేర్పును ఆమెకు లేదు. రాత్రి రాగిసంగటియు, చెనక్కాయల ఊరిబిండియు నందరికి నొక్క వరుసలోనే వడ్డించెడిది. తెల్లవారకముందే రైతులు మార్కెట్టునకు లేచిపోవునప్పుడు సైతము, చెప్పులు చేతబట్టుకొని మెట్లు దిగుచుండిరి. అట్టి మర్యాద పెద్ద హోటళ్లలో నేను చూడలేదు.

నాలుగవనాటి రాత్రి తొమ్మిది దాటిన పిదప నొక యువతి సంచితో గుమ్మమున నిలిచినది. మరునా డుద్యోగపు పరీక్ష. ఆమె యెక్కిన బస్సు ఆలస్యముగా వచ్చినది. అప్పటికే రెండు లాడ్జీలలో గది లేదనిపించుకొన్నది. ఒకచోట తాళపుచెవులు వ్రేలాడుచుండగనే, కుటుంబముతో వచ్చినవారికే యిత్తుమని చెప్పిరట. అవ్వ కార్డు చూచి, పట్టీలో వ్రాసికొని, "బువ్వ తింటివా పాపా?" అని మాత్ర మడిగినది. ఆ పిల్ల జవాబు చెప్పలేక తల యడ్డముగా నూపినది. తన గదిప్రక్కనే యామెకు పడక వేయించి, ఉదయము పరీక్షాస్థలమునకు ఆటో పిలిపించినది. అంతకు మించి జరిగినదేమియు లేదు. కాని యా రాత్రి యా తలుపు తీయనిచో నా పిల్ల బస్సునిలయపు బల్లపై గూర్చుండి తెల్లవార్చియుండును.

లాడ్జీవారి భయము కేవల మసత్యము కాదు. అపవాదు వచ్చిన వ్యాపారము చెడును. పోలీసులు వచ్చి యడుగుదురు. అయినను వచ్చినవా రెవరో తెలిసికొనుటకు గుర్తింపు కార్డు చాలును. యుక్తవయస్కురాలైన స్త్రీ యొంటరిగా బసచేయరాదని యే చట్టమును జెప్పలేదు. పూర్వపు సత్రములలో అన్నదానమెంత గొప్పదైనను, పంక్తులు కులమునుబట్టియే సాగెడివి. మద్రాసు రాజధానిలోని కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరు గదులుండెడివి. 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ యధికరణము, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అను హేతువులచే నెవరికిని హోటళ్లలో ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. ఆ పట్టికలో కులముతోబాటు లింగమును గలదని మనలో నెందరు గమనించిరి? 1955 నాటి యస్పృశ్యతానేరముల చట్టము ధర్మశాలల తలుపులను గూడ తెరిపించినది. తలుపులు తెరచినది చట్టమే. లోనికి రమ్మని పిలువవలసినవారము మనము.

తరువాత నదే పనిమీద పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము పోయితిని. పుంగనూరు ఆవు మూడడుగుల యెత్తున నుండి, కొద్దిపాటి మేతతో వెన్నగల పాలిచ్చును. చిన్న బసయింటి ధర్మమును నట్టిదే. కొద్దిపాటి పెట్టుబడితో నొక వీధి పదిమందికి మేలుచేయగలదు. కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వచ్చినది; వైద్యకళాశాలయు నున్నది. రైలుస్టేషనుకు సమీపమున నేను దిగిన చిన్న బసలో పట్టీ తిరుగవేసితిని. తెలుగు, తమిళము, కన్నడము, మూడు లిపులలోను సంతకములున్నవి. ఆస్పత్రిలో తండ్రిని జేర్చిన కొడుకు, గ్రంథాలయమునకు వచ్చిన విద్యార్థి, చీరల మూటతో వచ్చిన చిరువర్తకుడు, అందరు నొకే పుటలో నొకరి క్రింద నొకరు వ్రాసియున్నారు.

ఇట్టి యిండ్లకు శత్రువులు లాడ్జీవా రొక్కరే కారు. మదనపల్లె నుండి నేను వచ్చు దినములలోనే, ఆ వీధివారు కొందరు అవ్వకు కబురంపిరి: సంసారు లుండు చోట ఊరూపేరూ తెలియనివారిని దింపుట తగదు, మానుకొమ్మని. వారు దుర్మార్గులు గారు, చదువుకొన్నవారు, స్త్రీవిద్య కావలెనని సభలలో నుపన్యసించువారు. తమ కుమార్తెలను బెంగుళూరికి, చెన్నపట్టణమునకు చదువులకును, పరీక్షలకును బంపుచున్నవారు. అవ్వ వారితో వాదింపలేదు. "మీ బిడ్డ ఏ ఊరికి పోయినా, అక్కడ ఆ పాపకూ ఊరూపేరూ ఉండదు గదా నాయనా" అని మాత్ర మన్నది. చదువరులారా, మీ వీధిలో రేపొకరు బసయిల్లు తెరచిన, ఫిర్యాదుపై చేవ్రాలు చేయుటకు ముందు ఆ మాట నొకసారి తలపోయుడు.