గుమ్మం బయటి చెప్పులు

ఉండ్రాజవరం వైపు నుంచి వచ్చిన ఓ టీచరమ్మ కాలు చాపి, బొటనవేలి మొదట్లో పొడుచుకొచ్చిన బుడిపె చూపించారు. "దీన్ని బనియన్ అంటారమ్మా" అన్నాను. అంత నొప్పిలోనూ ఆవిడ నవ్వేశారు. "బనియనేంటండీ డాక్టరుగారూ, అది మగాళ్లు తొడుక్కునేది కదండీ!"

ఎముక పెరుగుతోందని ఆవిడ భయం. నిజానికి అది పెరుగుదల కాదు, వాలు. బొటనవేలు రెండో వేలి మీదికి ఒరిగేకొద్దీ, దాని వెనకున్న పాదం ఎముక ఎదురు దిక్కుకి జరుగుతుంది. దాని తలే మనకి బుడిపెలా కనిపిస్తుంది. ఈవిడకి రెండో వేలు పైకి లేచి, మెట్టె ఒరుసుకుని పుండు కూడా పడింది. అంతకుముందు యూరిక్ యాసిడ్ అనుకుని మాత్రలు మింగారట. ఆ యాసిడ్‌తో వచ్చే గౌట్ అయితే కీలు ఒక్క రాత్రిలో ఎర్రగా వాచిపోతుంది. ఇది ఏళ్ల తరబడి మెల్లగా వంగేది.

వెంట వచ్చిన తల్లి పాదాలూ చూశాను. అదే వాలు, కాస్త తక్కువ. నొప్పి మాత్రం లేదు. ఆవిడ వయసంతా ఊడ్పుల్లో, కోతల్లో ఒట్టికాళ్లతోనే గడిచింది. పాదం తీరు వంశంలో వస్తుంది. దాన్ని నొప్పిదాకా తెచ్చేది చాలాసార్లు ఇరుకు చెప్పే. 1958లో అచ్చయిన ఓ హాంకాంగ్ పరిశీలనలో బూట్లు వేసుకునేవారిలో 33 శాతం మందికి ఈ వంకర కనిపించింది. వేసుకోనివారిలో 2 శాతం లోపే. అలాగని ఒట్టికాళ్లతో తిరగమనను. షుగరున్నవాళ్లయితే అసలు తిరగకూడదు.

తెల్లకాగితం మీద టీచరమ్మ పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ బొమ్మ మీద ఆవిడ చెప్పు పెట్టాను. గీత రెండు పక్కలా బయటికొచ్చేసింది. "ఇరవై ఏళ్లుగా ఇదే సైజండీ" అన్నారు నెమ్మదిగా.

వెడల్పాటి మెత్తటి చెప్పులు, బుడిపె మీద ప్యాడ్, వేళ్ల మధ్య సిలికాన్ ముక్క. వీటితో ఆవిడ నొప్పి తగ్గింది, వేలు తిన్నబడలేదు. రాత్రిళ్లు కట్టుకునే పట్టీలతోనూ తిన్నబడదు. అందుకు ఆపరేషనే దారి. అదీ బుడిపె చెక్కేయడం కాదు, జరిగిన ఎముకని కోసి, సరిచేసి, స్క్రూలు బిగించడం. ఎముక అతకడానికి వారాలు, వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడతాయి. అందుకే, నొప్పి లేకపోయినా పెళ్లిలో హీల్స్ వేసుకోవడానికి ఆపరేషన్ చేయమన్న ఓ అమ్మాయిని వద్దని పంపేశాను.

ప్రాక్టీసు మొదట్లో ముందు ఎక్స్‌రే చూసేవాణ్ణి. ఇప్పుడు ముందు చెప్పులు చూస్తాను. కానీ మనవాళ్లు వాటిని గుమ్మం బయటే వదిలి లోపలికి వస్తారు. దాంతో దెబ్బ తిన్నవాడు లోపల, కొట్టినవాడు బయట!

చెప్పులు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పాదం బొమ్మ గీసుకుని షాపుకి వెళ్లండి. నా దగ్గరికి వస్తే మాత్రం, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రండి.