సీలింగులోంచి చలి

చలి అనగానే మనవాళ్ళు కిటికీలూ తలుపు సందులూ వెతుకుతారు. మినియాపొలిస్‌లో మేముండే అద్దె ఇంట్లో మాత్రం అది నెత్తి మీంచి దిగుతుంది! మా పాపాయి పడుకునే గదిలో సీలింగులోకి దించిన లైట్లు ఆరున్నాయి. డబ్బాల్లా ఉంటాయి కాబట్టి ఇక్కడ క్యాన్ లైట్లంటారు. పాత రకం డబ్బాకి ఒళ్ళంతా చిల్లులే. పైన అటక, అక్కడ జనవరి చలి. ఈదురుగాలి రోజున లైటు కింద అగరొత్తి పెట్టి చూడండి, పొగ కిందకి వంగుతుంది. (గాలి లేని రోజున అదే పొగ పైకి పోతుంది. అంటే మనం బిల్లు కట్టి వేడిచేసుకున్న గాలి అటకపాలన్నమాట.)

ఇంటి ఓనరు పంపిన మనిషి, పైనుంచి స్ప్రే ఫోమ్ కొట్టేస్తే సరి, పావుగంట పని అన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఎందుకంటే డబ్బా లోపలి స్టిక్కరు మీద 'ఐసీ' అని లేదు. ఇన్సులేషన్ తగిలినా ఫరవాలేని రకానికే ఆ గుర్తుంటుంది. అది లేనివాటి చుట్టూ 3 అంగుళాలు ఖాళీ వదలాలని ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్. ఆ చిల్లులున్నది వేడి పోవడానికే మరి! లైటు దానంతటదే ఆరి వెలుగుతుంటే బల్బు పోయిందనుకుంటాం గానీ, లోపలి థర్మల్ స్విచ్ వేడికి తాళలేక కట్ చేస్తుండొచ్చు.

మా బాపు పాశమైలారంలో ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోన్లో చెబితే ఒకటే మాట: "వేడి పోనీకి తొవ్వ లేకుంటే అది ఊకుంటదారా? ముందుగాల వేడి తక్కువ చెయ్యి, అటెన్క సందులు మూసుకో." 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభైమందికి పైగా పోయారు. అప్పట్నుంచీ ఆయన ఇలాంటివి నవ్వుతూ చెప్పడం మానేశాడు.

బాపు చెప్పిన వరసే కరెక్టు. 65 వాట్ల బల్బులు తీసేసి, అంచుకి రబ్బరు గాస్కెట్ ఉన్న 10 వాట్ల ఎల్‌ఈడీ ట్రిమ్ములు పెట్టాం. గాలి ఆపే రకమని అట్టపెట్టె మీద రాసి ఉన్నవే కొన్నాం లెండి. మెయిన్ ఆపి, డబ్బా అంచుకీ సీలింగుకీ మధ్య సందులో కింది నుంచే కాక్ పూశాం. అటకలో ఆ 3 అంగుళాలు మాత్రం అలాగే వదిలేశాం. ఎల్‌ఈడీ పెట్టినంత మాత్రాన పాత డబ్బా ఐసీ అయిపోదు, పైగా రేపు ఇంకెవరో వచ్చి పాత బల్బు బిగించొచ్చు.

అయిదు అయ్యాయి. ఆరోది అల్మారా మీదుంది, జరపడానికి ఇంకో మనిషి కావాలి.