తుస్సుమన్న తూటా

డీమార్ట్‌లో పెద్ద ప్యాకెట్ కనిపిస్తే చెయ్యి ఆగని బుద్ధి నాది. డాలస్ వచ్చినా పోలేదు.

మా బావ కొత్తగా .22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొన్నాడు. ఆయన అమెరికా సిటిజన్. నేను హెచ్‌1బీ. మాలాంటి వీసా వాళ్లు ఇక్కడ తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా నేరమే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. అది నా పర్సులో ఉంది కాబట్టే ఆ రోజు రేంజ్‌కి వెళ్లాను.

తూటాల ఖర్చు నాదన్నాను. రౌండుకి ఎన్ని సెంట్లో ఎక్సెల్‌లో లెక్కేసి, అన్నిటికంటే చవకైన 500 రౌండ్ల డబ్బా పట్టుకెళ్లా. బావేమో తన వంతుగా ఇంకో రకం, హై వెలాసిటీవి 100 విడిగా తెచ్చుకున్నాడు. డబ్బులెక్కువయ్యాయిలే అనుకున్నా.

విషయం ఏంటంటే, ఈ రైఫిల్‌లో తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఖాళీ కేసే బోల్టుని నెడుతుంది. స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకి తోస్తూ తర్వాతి తూటాని లోపల పెడుతుంది. కొత్త రైఫిల్ కాస్త బిగుతుగా ఉంటుంది. తూటాలో బలం చాలకపోతే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు. అందుకే ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, పలచగా ఆయిల్ రాసి, మొదట్లో సెకనుకి సుమారు 1,200 అడుగుల వేగంతో వెళ్లే రౌండ్లు వాడమంటారు.

బావ తెచ్చిన వందలో ఒక్కటే ఇరుక్కుంది. తర్వాత నా డబ్బా విప్పాం. ప్రతి మ్యాగజైన్‌లో గొడవే. కేసు సగం బయటికొచ్చి ఆగడం, బోల్టు మధ్యలో నిలబడిపోవడం. రోజంతా ఆఫీసులో చేసేదే ఇక్కడా చేశా. ఎర్రర్ వస్తే రీస్టార్ట్. బోల్టు లాగు, మళ్లీ కొట్టు.

ఒకసారి ఫట్‌మనాల్సింది తుస్సుమంది. అలవాటుగా బోల్టు లాగేశా. కొత్త తూటా లోపలికి వెళ్లింది. వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్తోంది.

"ఆగరా! కొట్టకు!"

ఇయర్‌మఫ్స్ ఉన్నా వినపడింది. బావ అంత గట్టిగా అరవడం మా అక్క పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు.

గొట్టం టార్గెట్ వైపే ఉంచి, మ్యాగజైన్ తీసి, లోపలి తూటా బయటికి లాగాం. రాడ్ దూర్చి చూస్తే సగం దూరంలో ఆగిపోయింది. అంతకుముందుది గొట్టంలోనే ఉండిపోయింది! మందు సరిగ్గా మండలేదన్నమాట. రెండున్నర గ్రాముల సీసం ముక్క. దాని వెనకాల ఇంకోటి పేల్చి ఉంటే గొట్టం ఉబ్బేది, లేదా పగిలేది. నా మొహం దానికి జానెడు దూరంలో ఉంది.

అసలు రైఫిలూ కొత్తదే, తూటాలూ కొత్తవే. ఒకేసారి రెండు మార్పులు డిప్లాయ్ చేస్తే జూనియర్లని నేనే తిడతా.

ఇప్పుడు ఒక్కో రకం 50 రౌండ్ల డబ్బా కొని, రెండు మూడు మ్యాగజైన్లు ఆగకుండా నడిస్తేనే పెద్ద డబ్బా జోలికి వెళ్తున్నాం. నేను తెచ్చినదాంట్లో మిగిలినవి బావ గరాజ్‌లో తాళం వేసి ఉన్నాయి. "అంత పోసి కొని వాడరా?" అని అక్క సణుగుడు. ఆమెకి అసలు సంగతి తెలీదు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి వీకెండ్ ఏం చేశావ్ నాన్నా అంది. బావతో షాపింగ్‌కి వెళ్లానని చెప్పా.