మోచేతి ఎత్తు బల్ల

పోయినసారి మా అయ్య లంద గురించి రాసిన. అది చదివి హైదరాబాద్‌ల చదువుకునే తమ్ముళ్లు కొందరు అడిగిండ్రు, "అన్నా, మరి ఇప్పుడు నువ్వేం పని చేస్తున్నవ్?" అని. కట్టె తిప్పుతున్న. పెద్దమందడిల మా ఇంటెనుక రేకుల కింద ఒక లేత్ మిషన్ ఉంది. ఇయ్యాల ఆ మిషన్ గురించి గాదు, దాని కింద ఉన్న బల్ల గురించి చెప్త. మిషన్ పైసలు పెడితే దొరుకుతది. బల్ల మనమే కట్టుకోవాలె.

తెలియనోళ్లకు ఒక ముక్క. లేత్ అంటే కట్టెను రెండు కొసలల్ల పట్టుకొని గిరగిర తిప్పే మిషన్. తిరిగే కట్టెకు ఉలి ఆనిస్తే పొట్టు లేస్తది, కట్టె గుండ్రగయితది. మన పెద్దోళ్లు తరిమెన పట్టుడు అన్నది ఇదే. మంచం కోళ్లు, చపాతి కర్రలు, బొంగరాలు అన్నీ దీని మీద తయారైతయి.

నేను దీన్ని మొదట చూసింది హైదరాబాద్‌ల ఒక కార్ఖానల. మూడేండ్లు చేసిన ఆడ. చేసిన అంటే పొట్టు ఊడ్చిన, మొద్దులు మోసిన, చాయ్ తెచ్చిన. ఒకనాడు మేస్త్రి బయటికి పోయినప్పుడు ఉలి పట్టుకున్న. ఆయనొచ్చి చూసిండు. తిట్టలే. "మీరేమోళ్లురా?" అని నెమ్మదిగ అడిగిండు. చెప్పిన. ఉలి తీస్కొని డబ్బల పెట్టి తాళమేసిండు. తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

ఆ మూడేండ్లు కండ్లతోనే నేర్చుకున్న. కాని కండ్లతోని నేర్చుకునే సదువుకు ఒక లోపం ఉంటది. నా చూపంతా మేస్త్రి చేతుల మీదనే ఉండె. మిషన్ కింద ఏముందో ఎన్నడూ చూడలే. ఆడ మిషన్లన్నీ సిమెంటు దిమ్మెలకు బిగించి ఉండె. అది నాకు ఒక విషయమే అనిపించలే.

2020ల లాక్‌డౌన్ పడ్డది. పాలమూరోళ్లకు ఆ రోజులు మళ్ల చెప్పే పని లేదు. ఇంటికొచ్చినంక దాచుకున్న పైసలతోని ఒక సెకండ్ హ్యాండ్ లేత్ కొన్న. చిన్నది, నలభై కిలోలు, అర హార్స్‌పవర్ మోటర్. వెల్డింగ్ షాపుల ఇనుప యాంగ్లర్లతోని ఒక స్టాండ్ చేయించి దాని మీద బిగించిన. ఒక వేప మొద్దు ఎక్కించి స్విచ్ ఏసిన. స్టాండ్ నడుసుడు మొదలుపెట్టింది. నిజంగనే నడిచింది, అడుగు తర్వాత అడుగు, గోడ దిక్కు. నేను దాన్ని పట్టుకునుడా, ఉలి పట్టుకునుడా? అంతల మొద్దు ఊడి ఎగిరి రేకుకు తగిలింది. ఆ సొట్ట ఇంకా ఉంది. జానెడు కిందికి వస్తే నా మొఖం.

మా చెల్లె వనపర్తిల డిగ్రీ చదువుతది. ఆమె నోట్‌బుక్ తెచ్చి కూసున్నది. "ఇంటర్ల చదివిన లెక్కనే అన్నా" అన్నది. మొద్దు రెండు కిలోలు అనుకో. దాని బరువు నట్టనడుమ లేకుండ అర సెంటీమీటరు పక్కకుంది అనుకో. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే అది పక్కకు గుంజే బలం దాదాపు 11 కిలోల బరువంత. 2000 చుట్లు తిరిగితే 22 అనుకుంటం గద? గాదు, 45 కిలోలు. వేగం రెండింతలైతే గుంజుడు నాలుగింతలయితది. అదీ ఒక్కదిక్కు గుంజుడు గాదు, సెకనుకు ముప్పైకి పైగ చుట్లు, దిక్కు మారుకుంట గుంజుతది. మొద్దు గుండ్రగయ్యేదాక 500 చుట్లు దాటనియ్యొద్దని అప్పుడు తెలిసింది. స్టాండ్ ఎందుకు నడిచిందో గూడ.

అంటే బల్లకు బరువు కావాలె. ఏటికొప్పాకల, చన్నపట్నల లక్క బొమ్మలు చేసేటోళ్లు పాతకాలంల నేల మీద కూసొనే తిప్పిండ్రు. ఒకరు తాడు గుంజుతుంటే ఇంకొకరు ఉలి పట్టేది. వాళ్లకు ఈ తిప్పలు లేవు, నేల కన్న బరువైన బల్ల ఏముంటది?

మాకు తాత నాటి లావణి పట్టా ఎకరం ఉంది. రాళ్లెక్కువ, మట్టి తక్కువ. దాని గట్టు మీద ఒక నల్లతుమ్మ. దాన్నే కొట్టినం. తుమ్మ పచ్చిగ వాడితే తెల్ల చెక్కంత పుచ్చి పిండి రాలుతది. అందుకని ఆర్నెల్లు కుంట నీళ్లల్ల ముంచి పెట్టినం, ఏడాది నీడకు ఆరబెట్టినం. తర్వాత కోత మిషన్‌కు తీస్కపోయి నాలుగంగుళాల మందం కాళ్లు, మూడంగుళాల మందం పై పలకలు కోయించిన. కాళ్లు నిటారుగ పెట్టలే. పైన పదహారంగుళాల ఎడం ఉంటే కింద ఇరవై ఆరు. తిరిగే మొద్దు బల్లను ముందుకు ఎనుకకు ఊపుతది, ఆ దిక్కే కాళ్లు చాపి నిలవడాలె. తోపులాటల మనం నిలవడుతం గద, అట్ల.

కింద కాళ్ల నడుమ ఒక పెట్టె కట్టిన. మూడడుగుల పొడుగు, పదహారంగుళాల ఎడల్పు, ఆరంగుళాల లోతు. దాన్నిండ ఇసుక. ఇసుక ఊకె పొయ్యొద్దు, జల్లెడ పట్టి ఎండబెట్టి సంచులల్ల కట్టి పెట్టాలె. తడి ఇసుక కట్టెను తింటది. ఆ పెట్టెల దాదాపు 90 కిలోలు పట్టింది. కట్టె, ఇసుక, మిషన్ అన్ని కలిపి 200 కిలోల దరిదాపు. మొదట కాళ్ల కింద టైరు ముక్కలు పెట్టిన, మెత్తగుంటదని. బల్ల ఎగురుడు ఎక్కువైంది, తీసి పారేసిన. షాబాద్ బండలు ఎగుడుదిగుడు ఉంటయి గనక ఒక్కో కాలు కింద ఒక లావు బోల్టు పెట్టిన, తిప్పుకుంట ఎత్తు సరిచేసుకునేటట్టు. నాలుగు కాళ్లూ ఆనకపోతే ఎంత బరువున్నా దండుగనే.

మొదటి ఎండకాలానికే కీళ్లు వదులైనయి. అప్పుడొచ్చిండు మా ఊరి వడ్ల తాత. వాడకట్టుకు ఎన్నడూ రాని మనిషి, ఎవరో చెప్తే చూద్దామని వచ్చిండు. బల్లను కాలితోని తన్ని చూసిండు.

"ఎవరు చేసిండ్రురా పిలగా?"

"నేనే తాతా."

"కట్టె లోపల ఇంకా ఆరలే. కుసి సన్నమైంది."

కుసి అంటే కట్టె కొసను నాలుక లెక్క చెక్కి ఇంకో కట్టె బెజ్జంల దిగగొట్టేది. దాని కొసను చీల్చి, ఆ చీలికల తుమ్మ చీల దించుమన్నడు. దించినకొద్ది కుసి లోపల ఇచ్చుకొని బిగుసుకుంటది. చీల ఏ దిక్కు దించాలెనో వేలుతోని గీసి చూపిచ్చిండు. తప్పు దిక్కు దించితే బెజ్జం ఉన్న కట్టె పలుగుతదట. నాకు యూట్యూబ్ల ఎవరూ అంత విడమరిచి చెప్పలే.

పోయేటప్పుడు అన్నడు, "మా పిలగాళ్లకు నేర్పుదామంటే ఒక్కడూ రాలేదురా. పని నాతోనే పోతది."

"మా అయ్య నేర్పుమని నీ దగ్గరికి వచ్చిండు గద తాతా. మొద్దులు మోపిచ్చి పంపితివి."

ఆయన ఏమనలే. నేనూ ఇంకేమనలే. కొంచెంసేపు బల్ల మీద చెయ్యి పెట్టి నిలవడి పోయిండు. ఆయన చెప్పిన చీలలు ఇప్పటికీ గట్టిగున్నయి. నా కోపం గూడ ఉంది. రెండూ నిజమే, ఒకటి ఇంకోదాన్ని కొట్టెయ్యదు.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంల 18 వృత్తులున్నయి. పనిముట్లకు 15 వేల రూపాయల దాక ఇస్తరు. వడ్రంగులున్నరు, చెప్పులు కుట్టేటోళ్లూ ఉన్నరు. అవి కుటుంబాల నుంచి వచ్చే సంప్రదాయ వృత్తులని పథకమే చెప్తది. ఆ జాబితా చదువుతుంటే వృత్తుల పేర్లు చదివినట్టు లేదు, కులాల పేర్లు చదివినట్టుంది. 2024 నవంబర్‌ల తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఇప్పుడున్న రూపంల ఈ పథకాన్ని అమలు చేసేది లేదని కేంద్రానికి రాసిండు. కుటుంబ వృత్తి అనే షరతు మీదనే వాళ్ల కొట్లాట. లంద కాడ పుట్టి లేత్ కాడ నిలవడ్డ నాలాంటోని కుటుంబ వృత్తి ఏమని రాయాలె? మన తెలంగాణల ఈ ముచ్చట గట్టిగ ఎవరు అడిగిండ్రు? విద్యార్థి సంఘాల తమ్ముళ్లు దీని మీద కూసొని మాట్లాడాలె.

ఎత్తు సంగతి మిగిలింది. మా అయ్య బతుకంత గొంతుకూసొని పనిచేసిండు. ఆరె, రంపె, ముందల ఒక బండ. యాభై దాటకముందే మోకాళ్లు పోయినయి. హోటల్ల బల్ల మీద కూసోనియ్యని రోజులు చూసిన మనిషి, పని కాడ గూడ ఆయనకు బల్ల లేకుండె. లేత్‌కు మాత్రం నిలవడే పని. మొద్దు తిరిగే నడిమి గీత మన మోచేతికి సమంగ ఉండాలె. కిందికుంటే నడుము పోతది, మీదికుంటే భుజాలు పోతయి. నా మోచెయ్యి నేల నుంచి 42 అంగుళాలు. మిషన్ అడుగు నుంచి నడిమి గీతకు 11. అందుకే బల్ల 31 అంగుళాలు పెట్టిన.

అంతా అయినంక మా చెల్లె వచ్చి పక్కకు నిలవడి తన మోచెయ్యి కొలిచింది. 38.

"నీ ఒక్కనికే కట్టినవ్ గద" అన్నది.

ఆ మాటకు నా కాడ జవాబు లేకుండె. లెక్క చేసింది ఆమెనే, కొలిచేటప్పుడు ఆమెను పిలవాలెనన్న సోయి నాకు రాలే. మిగిలిన తుమ్మ పలకలతోని నాలుగంగుళాల ఎత్తు పీట చేసిన, కదలకుండ బల్ల కాళ్లకే బిగించిన. నా వంతు వచ్చినప్పుడు ఇప్పాలె, కొంచెం తిప్పలే. ఇప్పుకుంటున్న.

మొన్న ఆదివారం మా డప్పుల జట్టుకు సిర్రలు కావాల్నంటే ఆమెనే ఎక్కింది. మొదటిది మంచిగొచ్చింది. రెండోది సన్నమై ఇరిగింది. ఉలి సాన పెట్టుకొచ్చి ఇంకో కట్టె ఎక్కించింది. ఇది రాస్తుంటే ఎనుక నుంచి ఆ సప్పుడే వినొస్తున్నది.

జై భీమ్.