అటక మీది మూట

నేను రైల్వేలో గార్డుగా పనిచేసి 2011లో రిటైరైనవాణ్ణి. ఇప్పుడు గార్డు అనకూడదట. 2022 నుంచి ట్రైన్ మేనేజరు అనాలిట. నేను మటుకు గార్డుగానే దిగిపోయాను. ముప్ఫై యేళ్ళకు పైగా బండి చివరి పెట్టెలో కూర్చుని, ముందు జరిగిందేమిటో అందరికంటే ఆఖర్న తెలుసుకోవడం నా వృత్తి. ఇంట్లో కూడా నా పరిస్థితి అంతేనని ఈమధ్యనే తెలిసివచ్చింది. ఆ ముచ్చటే మనవి చేసుకుంటున్నాను.

మా ఇల్లు సికింద్రాబాదు సీతాఫల్‌మండిలో. స్టేషనులో లోకల్ బండి ఆగి కదిలినప్పుడల్లా మా వంటింటి గిన్నెలు ఒకదానితో ఒకటి కబుర్లాడుకునేటంత దగ్గర. 2024 డిసెంబరులో డల్లాస్ నుంచి మావాడు, కోడలు, పన్నెండేళ్ళ మనవడు మూడు వారాల సెలవు మీద వచ్చారు. సంక్రాంతి దగ్గర పడుతోంది కదా అని మా ఆవిడ అటక దులపమని కొడుక్కి పురమాయించింది. "భోగి మంటలోకి విరిగిన పీటలూ అవీ ఉంటాయి, కాస్త చూడరా" అంది.

"ఇప్పుడు అటక జోలి ఎందుకే?" అన్నాను పేపరు దించకుండానే. ఎవరూ వినిపించుకోలేదు. నా గుండె మాత్రం సిగ్నల్ పడని బండిలా నిలబడిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముప్ఫై యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1993లో మావాడు తొమ్మిదో తరగతి. మా వీధి చివర ఒకాయన ముందుగదిలో రెండు టీవీలు పెట్టి, గంటకింతని పుచ్చుకుని పిల్లల చేత వీడియో గేములు ఆడించేవాడు. పాలకిచ్చిన చిల్లర మావాడు అక్కడ సమర్పించుకుంటున్నాడని తెలిసింది. బయట తిరగడం కంటే ఇంట్లో పడి ఉండడం మేలనుకుని, కోఠీ గుజరాతీ గల్లీలో 1,100 రూపాయలు పోసి ఒక డబ్బా కొనుక్కొచ్చాను. దానితో రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు. అట్ట మీద 9999 ఆటలని అచ్చు వేశారు. లెక్కపెడితే పదిహేనుకు మించవు. తక్కినవన్నీ అవే ఆటలు, పేర్లు మార్చుకుని వచ్చాయి!

ఆ డబ్బాకు అసలు పుట్టిల్లు జపాను. నింటెండో కంపెనీవారు 1983 జూలైలో 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే పేరుతో విడుదల చేశారు. మన బజార్లకు దిగినవి చాలామటుకు దాని నకళ్ళు. అయితేనేం, యాంటెన్నా తీగ పీకి దాని తీగ తగిలిస్తే మా సాలిడేర్ టీవీలో టోపీ పెట్టుకున్న మీసాల మారియో గెంతేవాడు. కాంట్రా అనే ఆటలో ఇద్దరు సిపాయిలు తుపాకులు పేల్చేవారు. నేను ఒక్కసారీ ముట్టుకోలేదు. నా పని బిల్లు కట్టడం, కోప్పడడం.

పదో తరగతి వచ్చింది. క్వార్టర్లీ లెక్కల్లో 31 మార్కులు. ఆ రాత్రి డ్యూటీ దిగి వచ్చి, డబ్బాను పాత పచ్చజెండా గుడ్డలో చుట్టి, కొబ్బరితాడుతో మూడు ముళ్ళు బిగించి, అటక మీద ఇత్తడి గంగాళం వెనక్కి తోసేశాను. తెల్లారాక వాడితో, "అమ్మేశాను. ఆ డబ్బు నీ ట్యూషన్‌కి కట్టేశాను" అన్నాను.

వాడు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. పుస్తకం తీసుకుని డాబా మీదికి వెళ్ళిపోయాడు. పరీక్షలయ్యాక దించి ఇద్దామనే అనుకున్నాను. కాని అమ్మేశానని చెప్పినవాణ్ణి ఎలా దించను? అబద్ధమాడానని కొడుకు ముందు ఒప్పుకోవడం తండ్రికి నామోషీ కాదూ? ఈ యేడు కాకపోతే వచ్చే యేడు అనుకుంటూనే వాడు ఇంజనీరింగుకి వెళ్ళాడు, అమెరికా వెళ్ళాడు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఒంట్లో ఎలా ఉంది నాన్నా? అమ్మకివ్వండి" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య ఆ మూట ఉందని నాకు తెలుసు.

ఇప్పుడు ఆ మూట అటక దిగింది.

నేను పేపరు మడిచి, గొంతు సవరించుకుని, నేరం ఒప్పుకోవడానికి సిద్ధమయ్యాను. తీరా చూద్దును గదా, మూటకు పచ్చజెండా గుడ్డ లేదు! వాయిలు చీర ముక్కలో చుట్టి, చీర అంచు పీలికతో పువ్వుముడి వేసి ఉంది. ఆ చీర నేను కొన్నదే.

"అమ్మేశానన్నది అబద్ధంరా" అన్నాను ఎలాగో.

"నాకు తెలుసు నాన్నా" అన్నాడు వాడు దుమ్ము తుడుస్తూ.

మా ఆవిడ వంటింట్లోకి జారుకోబోయింది. నేను పిలిచాను. గుమ్మం దగ్గరే నిలబడి, "పరీక్షలయ్యాకే దించానండీ, ముందు దించలేదు. మీరు నైట్ డ్యూటీకి వెళ్ళిన రాత్రుల్లో కాసేపు ఆడేవాడు. మీరొచ్చే వేళకి మళ్ళీ పైన పెట్టేసేదాన్ని" అంది. ఆగి, "నేనూ ఆడేదాన్ని" అంది.

మనవడు పకపకా నవ్వాడు. కోడలు నవ్వింది. నేనూ నవ్వాలనే చూశాను. కాని కాజీపేట యార్డులో గూడ్సుబండి చివర దోమలు తోలుకుంటూ గడిపిన రాత్రులు గుర్తొచ్చాయి. ఆ రాత్రుల్లోనే నా ఇంట్లో తల్లీకొడుకులు నవ్వుకున్నారన్నమాట. నేను గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడు వినిపించగానే ఆ నవ్వు మూటగట్టి అటకెక్కించేవారన్నమాట! వాళ్ళు నన్ను మోసం చేశారనిపించలేదు. ఇల్లు నవ్వాలంటే నేను ఊళ్ళో ఉండకూడదా అనిపించింది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

మావాడు ఆ సంగతి కనిపెట్టాడేమో, సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరమ్మతు మొదలుపెట్టాడు. వెనకటిలా క్యాసెట్టులోకి నోటితో ఊదబోతే మా ఆవిణ్ణి వారించాడు. నోటి తడికి లోపలి రాగిపళ్ళు తుప్పు పడతాయట. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను స్పిరిటులో ముంచి ఒక్కొక్క పన్నూ తుడిచాడు. కొత్త అడాప్టరు కొన్నాడు. మా ఎల్.ఇ.డి. టీవీకి పాత పసుపు, తెలుపు పిన్నులు దూరే కన్నాలే లేవు. చినాయ్ ట్రేడ్ సెంటరుకి వెళ్ళి, పాత తీగను హెచ్.డి.ఎమ్.ఐ. కింద మార్చే చిన్న పెట్టె తెచ్చాడు.

బొమ్మ వచ్చింది! కాని ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసిన అప్పడంలా ఉంది. పాత టీవీ వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు. కొత్తది పదహారుకి తొమ్మిది. వాడు సెట్టింగు మార్చి, రెండు పక్కలా నల్లపట్టీలు వదిలి బొమ్మను దాని రూపానికి తెచ్చాడు. అయినా మీట నొక్కిన కాసేపటికి గాని మారియో గెంతడు. మా ఆవిడ మూడుసార్లు గోతిలో పడింది. కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దిగాని చూపించవట, అదీ ఆలస్యం. 'గేమ్ మోడ్' పెడితే ఆ సింగారం మానేసి గబుక్కున చూపిస్తుందిట. పెట్టాక మారియో చురుగ్గా గెంతాడు.

ఒక్క తుపాకీ మాత్రం పనిచెయ్యలేదు. మనవడు ఎన్ని బాతుల్ని కాల్చినా ఒక్కటీ రాలలేదు. దాని మర్మం మావాడు చెప్పాడు. తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టంలో వెలుగును పసిగట్టే కన్ను ఉంటుంది. గొళ్ళెం నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. ఆ వెలుగు కంటపడితే గురి తగిలినట్టు. పాత పిక్చర్ ట్యూబు ఆ వెలుగును అప్పటికప్పుడే చూపించేది. కొత్త టీవీ కాస్త ఆగి చూపిస్తుంది. ఈలోగా తగల్లేదని ఆట తీర్పు చెప్పేస్తుంది. వెలుగు వచ్చిన మాట నిజమే, కాని వేళకు రాలేదు. ఆ మాట నాకెక్కడో తగిలింది.

"మరి ఈ పాత ఆటలు కొత్త యంత్రాల్లో ఎలా ఆడతార్రా?" అని అడిగాను.

"పగటివేషగాళ్ళను చూశారుగా నాన్నా! అలాగే ఒక యంత్రం మరో యంత్రం వేషం కడుతుంది. దాన్ని ఎమ్యులేటరంటారు" అన్నాడు. 2012లో ఇంగ్లండులో బయల్దేరిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి బోర్డు కూడా ఈ వేషం కడుతుందిట. అసలు మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లేనట. మనం ఫోనులో తీసే ఒక్క ఫోటో జాగాలో అలాంటివి యాభైకి పైగా పడతాయి! అయితే ఆటల్ని ఎక్కడినుంచో దింపుకోవడం చట్టరీత్యా తప్పు. "మన 9999 క్యాసెట్టూ దొంగసరుకే" అని ఒప్పుకున్నాడు. మనవడి సంచిలో నింటెండో స్విచ్ ఉంది. పాత ఆటల్ని చందా మీద అందులో ఆడనివ్వడం 2018లో మొదలైందిట. కాంట్రాను దాన్ని చేసిన కొనామీవారే 2019లో మిగతా భాగాలతో కలిపి మళ్ళీ విడుదల చేశారట.

స్విచ్‌లో ఒక సదుపాయం ఉంది: మారియో గోతిలో పడితే ఆటను వెనక్కి తిప్పి, పడకముందు నుంచి మొదలుపెట్టవచ్చు. మా ఆవిడ ససేమిరా అంది. "అది దొంగాట" అని, పడిన ప్రతిసారీ మొదటికొచ్చి ఆడింది. మనవడు నాయనమ్మను ఓడించలేక గింజుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి, మావాడు కాంట్రా పెట్టి రెండో రిమోటు నా చేతికిచ్చాడు. మొదలుపెట్టే ముందు వాడి వేళ్ళు వాటంతటవే కదిలాయి: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. అలా నొక్కితే మూడు ప్రాణాల బదులు ముప్ఫై వస్తాయి. కజుహిసా హషిమోతో అనే ఆయన 1986లో వేరొక ఆటను పరీక్షించడానికి, అది తనకే కష్టంగా ఉందని ఈ కిటుకు పెట్టుకున్నాడట. 2020లో పోయాడు పాపం. ముప్ఫై ఏళ్ళయినా మావాడు దాన్ని ఆంజనేయ దండకంలా మరిచిపోలేదు.

ముప్ఫై ప్రాణాల్లో పధ్నాలుగు మొదటి మజిలీలోనే పోగొట్టాను. మూడో మజిలీ జలపాతం. రాళ్ళ మీద గెంతుతూ పైకెక్కాలి. ఇందులో ఒక చిక్కుంది: ముందున్నవాడు పైకెక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, వెనకబడ్డవాడు తెర కిందికి జారి చస్తాడు. మావాడు నాలుగు రాళ్ళెక్కి ఆగిపోయాడు. శత్రువులు మీదికొస్తుంటే కాలుస్తూ, అక్కడే నిలబడ్డాడు.

"నువ్వు పోరా, నాకోసం ఆగకు" అన్నాను.

"మీరు రాందే తెర కదపను నాన్నా. నిదానంగా రండి" అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

మనవడు విసుక్కున్నాడు. మా ఆవిడ పమిటచెంగు కళ్ళకద్దుకుంది. నేను గురి చూసుకుని ఒక రాయి ఎక్కాను, మళ్ళీ ఒకటి. జలపాతం పైదాకా వెళ్ళలేదనుకోండి. మూడు ప్రాణాలు మిగిలి ఉండగా పొద్దుపోయింది.

స్విచ్ అమెరికా వెళ్ళిపోయింది. పాత డబ్బా మాత్రం టీవీ పక్కనే ఉంది, ఇంక అటకెక్కించలేదు. రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడా నేనూ కాసేపు ఆడుకుంటాం. ఆదివారం ఫోన్ మోగితే మావాడు, "అమ్మకివ్వండి" అనడం లేదు. "ఏ మజిలీకి వచ్చారు నాన్నా?" అంటున్నాడు.